దుబాయి పెట్టెలో వచ్చిన కవచం

బ్రౌన్ టేపు చుట్టకు కొస ఎక్కడుంటుందో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. గోరుతో గీకుతూ చుట్టూ తిరుగుతాం. దొరికింది కదా అని లాగితే దారంలా సన్నగా చీలి, సగం ఊడి, మళ్లీ మాయమవుతుంది. చంద్రుడి మీదికి యంత్రాలు పంపే దేశంలో దీని గురించి ఎవరూ ఆలోచించకపోవడం నాకు చాలాకాలంగా ఉన్న చిన్న అసంతృప్తి.

మా బావ సెలవు మీద వచ్చినప్పుడల్లా ఈ అసంతృప్తి పెద్దదవుతుంది. దుబాయి నుంచి తెచ్చే అట్టపెట్టె మీద అట్ట కనబడకుండా టేపు చుడతాడాయన. దాని మీద నైలాను తాడు, తాడు మీద మళ్లీ టేపు. ఎల్లారెడ్డిలో అక్కవాళ్లింట్లో ఆ పెట్టె కోయడానికి కామారెడ్డి నుంచి నన్ను పిలిపిస్తారు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్తాను. కత్తెర పట్టుకోవడానికి ఆ మాత్రం చదువు సరిపోతుందని మా అక్క నమ్మకం.

ఆ సారి అక్క అడిగింది ఒక్కటే, పులిబొమ్మ ఉన్న మందపాటి చెద్దరు. పెట్టె తెరిస్తే పైన సబ్బులు, బాదంపప్పు, పాలపొడి డబ్బా. కింద మొత్తం నల్లటి ఫోము పలకలు. వాటితో పాటు ఒక రంగుల కాగితం. కాగితం మీద, వేరే గ్రహం మీద యుద్ధానికి పోతున్న సైనికుడి బొమ్మ. ఆ పలకలు కోసి, అతికించి, రంగేస్తే ఒంటికి తొడుక్కునే కవచం అవుతుందన్నమాట.

బావ ఫోనులో నీకేం తేవాలని అడిగినప్పుడు ఇలాంటి బొమ్మే ఒకటి వాట్సాప్‌లో పంపి, ఇది వేసుకుని క్లాసుకు పోతే పిల్లలు మాట వింటారని రాశాను. చివర నవ్వే మొహం కూడా పెట్టాను. మా బావ ఒక గోదాములో సామాన్లు సర్దుతాడు. అక్కడ ఏది రాసి ఉంటే అదే దించాలి, నవ్వే మొహాలకు లెక్క లేదు. అక్కడ వారాంతపు సెలవు దొరికిన ప్రతిసారీ దుకాణాలు తిరిగి వెతికి తెచ్చాడట.

నాకు లోపల చాలా సంతోషమైంది. అప్పుడు ఆ గదిలో చెప్పదగిన సంగతి కాదది. ఫోముకు బరువు లేదు గానీ చోటు చాలా కావాలి. చెద్దరుకు ఉండాల్సిన చోటును అది తినేసింది. అక్క పెట్టె అడుగు దాకా చేయి పెట్టి తడిమి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. బావతో మాట్లాడటం మానేసిందని మాకు నిదానంగా అర్థమైంది.

చెద్దరు కోసం ఎవరూ అంత మౌనం పట్టరు. బావ వెళ్లిన ప్రతిసారీ ఇదే ఆఖరు అని చెప్తాడు, వచ్చిన ప్రతిసారీ తిరుగు టికెట్టు పట్టుకునే దిగుతాడు. అయినా ఇంట్లో పైకి నడుస్తున్నది చెద్దరు తగువే కాబట్టి అందరం దానికే కట్టుబడ్డాం. నా దిగులల్లా ఒకటే. బావ విమానం ఎక్కేలోగా అక్క నోరు విప్పకపోతే, ఆయన మళ్లీ వచ్చేదాకా ఆ మౌనాన్ని ఫోనులో డబ్బులు పెట్టి వినాలి.

ఆ రోజుల్లో ఇంటి వార్తలన్నీ బావ వాళ్లమ్మ మీదుగా నడిచాయి. ఆమె వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. అక్క వంటింట్లోంచి, నీ కొడుకు చాయ్ తాగుతడేమో అడుగు అత్తా, అనేది. కొడుకు ఆమె పక్కనే ఉండేవాడు. అత్తమ్మ తల కూడా తిప్పకుండా తాగుతడంట అని జవాబు చెప్పేది.

కవచం పని నాకు సెలవు దొరికినప్పుడల్లా అదే వసారాలో సాగింది. కాగితంలో అక్షరాలు లేవు, బాణం గుర్తులే. ఫోము వంగాలంటే వేడి తగలాలి. బ్యూటీ పార్లరామె దగ్గర జుట్టు ఆరబెట్టే మిషను అడిగాను. ఎవరికి అంది. భుజానికి అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా ఇచ్చింది. అతకడానికి చెప్పులకు వాడే బంక. రెండు వైపులా పూసి, ఆరేదాకా ఆగి, అప్పుడు ఒత్తాలి. ఒకసారి ఒత్తితే మళ్లీ ఊడదు. బావ ఆగేవాడు. నేను ఆగలేక ఒక మోచేతి పలకను మోకాలికి అంటించాను. అలా కూడా బాగానే ఉందని వాదించి చూశాను గానీ, బావ బ్లేడుతో ఒక పూటంతా కూర్చుని విడదీశాడు.

అత్తమ్మ బీడీకి దారం చుడుతూ ఒకరోజు నన్ను అడిగింది.

"గిది వానకు ఆగుతదా?"

"ఆగదు అత్తమ్మా."

"చలికి?"

"ఆగదు."

"మరి దేనికి ఆగుతది?"

"లేజర్ తుపాకులకు."

ఆమె చాటలోంచి ఇంకో ఆకు తీసుకుంది. "ఎల్లారెడ్డిల గవి మస్తున్నయా?" అంది.

ఆఖరున గేట్లకు కొట్టే వెండి రంగు వేశాం. మిగిలిన రంగు బావ ఇంటి గేటుకు కొట్టాడు. గేటు బాగుందని అక్క పక్కింటావిడతో చెప్పింది. బావ ఆ మాట గోడ ఇవతల నుంచి విన్నాడు. అన్ని రోజుల్లో ఆయనకు దొరికిన మెప్పు అదొక్కటే.

తొడుక్కుని చూసే రోజు ఆదివారం. మంగళవారం బావ ప్రయాణం. అత్తమ్మ కొత్త బండికి చేసినట్టే ఛాతీ పలకకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. బూట్ల కింద నిమ్మకాయలు కూడా పెడదామంది. అది ఫోము, నలిగిపోతుందని బతిమాలుకున్నాను.

చేతులు పట్టాయి. తల పట్టింది. ఛాతీ పలకకూ వీపు పలకకూ నడుమ నా పొట్ట నిలబడి రెంటినీ కలవనివ్వలేదు. ఊపిరి బిగబట్టాను. ఊపిరికీ పొట్టకూ ఏ సంబంధమూ లేదని తేలింది. తర్వాత బావ ప్రయత్నించాడు. ఆయన భుజాలు దూరనే లేదు, కాళ్ల పలకలు పొట్టివైపోయాయి.

ఏ సైజు తెచ్చావని అడిగాను. దుకాణంలో మూడు సైజులు ఉన్నాయట. వేసుకునే మనిషి ఎంతుంటాడని దుకాణందారు హిందీలో అడిగాడట. బావకు నా కొలత గుర్తుకు రాలేదు. అందుకని చేయి తన భుజం దగ్గర పెట్టి ఇంత ఎత్తు అని, రెండు చేతులూ గుండ్రంగా చాపి ఇంత మనిషి అని చూపించాడట. మాకు కూడా అలాగే చూపించాడు. చేతుల మధ్య ఖాళీ గాలిని పట్టుకుని వసారాలో నిలబడ్డాడు.

అత్తమ్మ బీడీ దారం తెంపింది. "గది నీ బామ్మర్ది కొలత కాదురా. నీ పెండ్లాంది" అంది.

ఇలాంటప్పుడు ఏదో ఒకటి అని నవ్వించే ఉద్యోగం మా ఇంట్లో నాదే. ఆ పూట మాత్రం బంక డబ్బాకు మూత బిగిస్తూ కూర్చున్నాను. బావ తన చేతుల్ని తనే ఒకసారి చూసుకుని నెమ్మదిగా దించాడు.

వంటింటి గుమ్మంలో అక్క ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. కొంగుకు చేతులు తుడుచుకుని, నా వైపే చూస్తూ, "ఇటియ్యి తమ్మీ" అంది.

లోపలికి పోయి పంజాబీ డ్రెస్సులో వచ్చింది. కాళ్ల పలకలు కొలిచి కోసినట్టు పట్టాయి. చేతులవీ అంతే. వీపు బెల్టులు ఎవరికి వారు పెట్టుకోలేరు. నేను లేవబోతే అత్తమ్మ, నువ్వు బీడీలు కట్ట కట్టు అని చాట నా ఒళ్లోకి తోసింది. బెల్టులు బావ పెట్టాడు. ఏది ఎంత బిగించాలో అక్కను అడగలేదు, ఒక్కటి కూడా మళ్లీ వదులు చేయాల్సిన పని పడలేదు.

అక్క శిరస్త్రాణం తగిలించుకుని, వెండి గేటు తెరుచుకుని రోడ్డు మీదికి నడిచింది. కామారెడ్డి వైపు పోతున్న షేర్ ఆటో ఆగింది. ఏ దుకాణం ఓపెనింగ్ అని డ్రైవరు నన్ను అడిగాడు. ఇంకా ఖరారు కాలేదన్నాను. పక్కింటావిడ పగటివేషం వాళ్లనుకుని తవ్వెడు బియ్యం తెచ్చింది. అక్క వెండి చేతులు రెండూ చాపి భక్తిగా పట్టుకుని, బియ్యం అత్తమ్మ కొంగులో పోసింది. శిరస్త్రాణం లోపల నవ్వుతోందని భుజం పలకలు ఊగడం చూసి తెలుసుకున్నాం.

బావ ఫోను తీశాడు. దుబాయి గదిలో తోటివాళ్లకు కవచం చూపిస్తానని మాటిచ్చాడట. కాస్త ఇటు తిరగమని, ఎవరి మీదుగానూ కాకుండా నేరుగా అక్కనే అడిగాడు. ఆమె తిరిగింది. మొహానికి అడ్డంగా ఉన్న నల్లటి అద్దంలో మాకు రోడ్డు, ఆటో, ఫోను ఎత్తి పట్టుకున్న బావ కనిపించారు గానీ అక్క కనిపించలేదు. మనిషి మొత్తం పడాలని బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

లోపలి నుంచి, కుండలోంచి వచ్చినట్టు, గొంతు వినిపించింది.

"ఫోటో తర్వాత తీద్దువు గని. ఇంక ఎన్నేండ్లు పోతవ్ నువ్వు?"