పక్కవాడి అట్టలో తూటాలు

మాక్సీన్ టటిల్ ఉద్యోగం చేసినంతకాలం స్కూలు బస్సు నడిపింది. టామరాక్ కౌంటీలో ఆమె చేత తిట్లు తినని మగాడు లేడు. ఇప్పుడు కౌంటీ పోలీసు పెద్దగా ఉన్న షెరీఫ్ కూడా ఒకప్పుడు ఆమె బస్సు సీటుకి బబుల్‌గమ్ అంటించి దొరికిపోయినవాడే. అలాంటి మనిషిని ఏరికోరి గ్రాండ్ జ్యూరీలో వేశారు. ఏడాదిపాటు సర్కారు ఆఫీసుల పనితీరు చూసే మామూలు జనం వాళ్లు. చూసింది బయట చెప్పకూడదని ప్రమాణం. మాక్సీన్‌కి అదొక్కటే కష్టం.

ఆమె వంతుకి తుపాకీ లైసెన్సుల తనిఖీ వచ్చింది. చొక్కా చాటున పిస్తోలు దాచుకుని తిరగడానికి షెరీఫ్ ఇచ్చే లైసెన్సులు. వాటికి గురి పరీక్ష ఉంటుంది. ఓ శనివారం చెప్పాపెట్టకుండా ఆ పరీక్ష జరిగే మైదానానికి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

కాల్చేవాళ్ల వరసలో తమ్ముడు ఓర్విల్! కిందటి వారమే ఆమె ఇంట్లో పాన్‌కేకుల మీద తియ్యటి సిరప్ అనుకుని మాంసానికి పూసే బార్బెక్యూ సాస్ పోసుకుని, "అదిరిందక్కా!" అన్నాడు. కళ్లద్దాలంటే ముసలాళ్లకంటాడు.

ఈల మోగింది. ఓర్విల్ ధీమాగా కాల్చాడు. తీరా చూస్తే గురికి పెట్టిన అతని అట్ట అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుంది, పక్కనున్న పాస్టరుగారి అట్ట జల్లెడైంది. పరీక్ష పెట్టే రస్టీకి ఓర్విల్ చేపల వేటలో జోడీ. గడ్డం గోక్కుని రెండట్టలూ కలిపి లెక్కపెట్టాడు.

"మొత్తం సరిపోయింది. ఇద్దరూ పాస్!"

"ఇదేం లెక్కరా, రస్టీ?" అంది మాక్సీన్.

"ఒక్క తూటా అయినా వృథా అయిందా, ఆంటీ?"

పాస్టరు ఆకాశం వంక చూసి, "అంతా దేవుడి దయ" అన్నాడు.

మాక్సీన్ జ్యూరీ పెద్ద దగ్గరికి పరుగెత్తింది. "వాడు నా తమ్ముడండీ. ఇంకెవరినైనా వేయండి."

"ఎవర్ని వేయను? రస్టీ నా అల్లుడు. మిగతావాళ్లంతా పాస్టరుగారి చుట్టాలు. నువ్వే నయం!"

తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. ఓ పికప్ ట్రక్కు విషయంలో అలిగి సొంత అన్నతో ఆయన పోయేదాకా మాట్లాడని మొండివాడు. చూసింది రిపోర్టులో రాస్తే తన మొహం చూడడు. రాయకపోతే ఏదో ఒకరోజు ఎవరి ప్రాణం తీస్తాడో. మాక్సీన్ కాసేపు ఏడ్చి, ఎవరి పేరూ ఎత్తకుండా రాసింది: పరీక్షలో ఒక్కొక్కరినే నిలబెట్టాలి, ఎదురుగా ఒక్క అట్టే ఉండాలి.

షెరీఫ్ సరేనన్నాడు. ఆ ఏడు పాసైనవాళ్లందరికీ మళ్లీ పరీక్ష పెట్టారు. మాక్సీన్ మళ్లీ అదే బెంచీ మీద కూర్చుంది. ఓర్విల్ పిస్తోలు ఎత్తి, అలాగే నిలబడిపోయాడు.

"రస్టీ, నాదేదిరా?"

"ఉన్నదొక్కటేగా."

"అదే... ఎక్కడుంది?"

ఎవరూ నవ్వలేదు. ఓర్విల్ తనే పిస్తోలు బల్ల మీద పెట్టేసి, నెమ్మదిగా బెంచీ దగ్గరికి వచ్చాడు.

"రాసింది నువ్వేనా, అక్కా?"

"ప్రమాణం చేశాన్రా. చెప్పకూడదు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. నోరు మూశావంటే నువ్వే!"

మాక్సీన్ తల దించుకుంది. వాడు వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు.

"కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా? నేనొక్కణ్ణే వెళ్లా మొన్న. బోర్డు కనబడి చావలేదు."

"కారెక్కు. ముందు సీట్లో కూర్చో, వెనకైతే అల్లరి చేస్తావు."

కారు మలుపు తిరిగాక ఓర్విల్ అన్నాడు: "ఆరోజు పాన్‌కేకుల మీద పోసుకుంది సిరప్ కాదు కదూ?"

"కాదురా."

"నోట్లో పెట్టుకోగానే తెలిసిందిలే. నువ్వు చూస్తున్నావని మొత్తం తినేశా."