చిరిగిన వల

పలాసలో బస్సెక్కి, ఆఫీసులో తన తప్పు నా మీదికి నెట్టిన సహోద్యోగి గురించి ఫోన్లో స్నేహితుడికి చెబుతున్నాను. "నన్ను బస్సు కిందికి తోసేశాడు" అన్నాను, ఇంగ్లీషువాళ్ల మాట వాడి. పక్కసీటులోని ముసలి జాలరి కంగారుపడ్డాడు. తాను తప్పించుకోవడానికి ఇంకొకరిని ఇరికించడమని అర్థం చెప్పాను.

ఆయన నా వైపు తిరిగాడు.

"మా పడవలో వల సిరిగితే, ఎవుడు సింపినాడో ఒడ్డుకొచ్చి సెప్పకూడదు బాబూ. అందరం కూకొని కుట్టాల. ఓపాలి పడవ సావుకారి గట్టిగా అడిగితే, నాను మా బావ పేరు సెప్పీసినాను."

"మీ బావ ఏమన్నాడు?"

"ఏటీ అన్లేదు. నా పక్కనే కూకొని కుట్టినాడు. తెల్లారీసరికి వేరే పడవెక్కీసినాడు."

వజ్రపుకొత్తూరులో దిగబోతూ ఆగాడు.

"సింపింది నానని ఆడికి తెలుసు బాబూ."