గడ్డాలక్క, ఆమె వదిన

కారు ముందు బంపర్ కింద, నేలకు జానెడెత్తులో ఒక నల్లటి పట్టీ ఉంటుంది. ఎదురుగాలిని పక్కలకు మళ్లించడం దాని పని. కంపెనీవాళ్లు దాన్ని స్పాయిలర్ అంటారు. షెడ్డుల వీధిలో మాత్రం గడ్డం అంటారు. గుంతైనా, స్పీడ్ బ్రేకరైనా ముందు దెబ్బ తినేది అదే. కొత్త కారుకైతే షోరూములో దొరుకుతుంది. తయారీ ఎప్పుడో ఆగిపోయిన కారుకు ఎక్కడ దొరుకుతుంది? అలాంటి కార్లవాళ్లంతా తిరిగి తిరిగి చివరికి వీధి మలుపులోని రేకుల షెడ్డు ముందు నిలబడి "గడ్డాలక్క ఉందా?" అని అడిగేవారు. ఆ పేరు విని ఎలాంటి మనిషి వస్తుందోనని బెదిరినవాళ్లూ ఉన్నారు. తీరా చూస్తే, మోకాళ్లదాకా చొక్కా తొడుక్కుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, బక్కపలచని ఆడమనిషి వచ్చేది.

ఆమె మొదట ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసింది. పగిలిన డబ్బాల్ని వేడిగాలి గన్‌తో కరిగించి అతకడం అక్కడే నేర్చుకుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక అన్న షెడ్డుకు వచ్చేసింది. అన్నది డెంటింగ్ పని. సొట్టపడిన రేకును సుత్తితో దారికి తెస్తాడు గాని, ప్లాస్టిక్ అనేసరికి చేతులెత్తేసేవాడు. "రేకు చెప్పిన మాట వింటుంది. ఇది విరుగుతుందే తప్ప వినదు" అనేవాడు. అలా గడ్డాలన్నీ చెల్లెలి వాటాకు వచ్చాయి.

వదినతో ఆమెకు మొదట్లో ఉప్పూ నిప్పూ. ఒకే వంటిల్లు, రెండు నోళ్లు. అలాంటిది ఒకరోజు వదిన పాత ఇనుము అమ్మడానికి పాతసామాన్ల కొట్టుకు వెళ్లి, వస్తూ వస్తూ చంకలో ఒక స్పాయిలర్ పెట్టుకొచ్చింది. "మీ అన్నాచెల్లెళ్లు వారం నుంచి ఏడుస్తున్నది దీనికోసమేనా?" అంది. దానికోసమే. అప్పటినుంచి వెతకడం వదిన పని, అతకడం మరదలి పని అయింది. వదిన బేరానికి దిగిందంటే కొట్టువాడు ముందు కుర్చీ తెచ్చి వేసేవాడు, ఎలాగూ అది పొద్దుపోయే వ్యవహారమని.

అన్ని ప్లాస్టిక్కులూ ఒకటి కావు. ఏ రకమో వెనకవైపు చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. ముక్కకు ముక్క అతకాలంటే రెండూ ఒకే రకం కావాలి. ఆ అక్షరాలు చూసి తేవడం వదిన వంతు.

టైపు నేర్పే మాస్టారు ఒకాయన కారు గడ్డానికి ఎడమ మూల విరిగి రోడ్డు మీదే ఎక్కడో పడిపోయింది. వదిన నాలుగు కొట్లు తిరిగి, అదే వంపున్న మూల పట్టుకొచ్చింది. "అదే రకం, చూశాను" అంది. మరదలు కొలతకు కోసి, అంచులు చెక్కి, కరిగించి అతికింది. వెనక సన్నటి ఇనుప జాలీ పరిచి గట్టి చేసింది. రంగు వేశాక అతుకెక్కడో ఆమెకే తెలియలేదు. మర్నాడు మాస్టారు ఆ మూలను చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు.

"మీ తప్పని అననమ్మా. మా గేటు దాటకముందే ఊడింది."

ఆమె ఆ మూల నుంచి చిన్న పెచ్చు చెక్కి, అంచులు చెక్కినప్పుడు రాలిన కారు గడ్డం పెచ్చు ఒకటి ఏరి, రెండూ నీళ్ల బకెట్లో వేసింది. ఒకటి తేలింది, ఒకటి మునిగింది. అంటే రెండూ వేరు రకాలు.

"అక్షరాలు చూశానన్నావుగా వదినా?"

"చూశాను."

"చూస్తే ఇదెలా వచ్చింది?"

"నీ గన్‌లో వేడి చాల్లేదేమో. నా మీద పడతావేం?"

మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. అన్న పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. తలెత్తకుండా తిని వెళ్లిపోయేవాడు.

మాస్టారు కారు అలాగే ఉంది కాబట్టి మళ్లీ వెతకాలి. ఈసారి మరదలు కూడా వెంట వెళ్లింది. కొట్టు వెనక బంపర్లు, తలుపులు గుట్టగా పడి ఉన్నాయి. వదిన గుట్టలో చెయ్యి దూర్చి ఒక్కొక్కదాన్నీ తడుముతోంది. ఒకటి లాగి, వెనక్కి తిప్పి, అక్షరాల మీద గోటితో గీస్తోంది. ముఖం మాత్రం ఎదురుగోడ వైపు ఉంది. మరదలు కాసేపు చూసి, కాలి దగ్గరున్న ఒక ముక్క తీసి ఆమె ముందు పెట్టింది.

"వదినా, ఇదేం రంగు?"

"నలుపు."

అది ముదురు ఎరుపు. మరదలు ఆ ముక్కను మెల్లగా పక్కన పెట్టేసరికి వదినకు అర్థమైంది. పక్కనున్న పాత టైరు మీద కూలబడింది.

"ఎప్పటినుంచి?"

"ముందు పొగ పట్టినట్టు ఉండేది. పోతుందిలే అనుకున్నా. పోలేదు."

"అన్నకు చెప్పొచ్చుగా."

"చెబితే ఇంట్లో కూర్చోమంటాడు. నేనింట్లో కూర్చుంటే మీరిద్దరూ ఈ కొట్టువాళ్ల చేతిలో బతికి బట్టకడతారా?"

మరదలు కూడా టైరు అంచున కూర్చుంది. ఈమధ్య వదిన టీ ఇచ్చేటప్పుడు తన చెయ్యి పట్టుకుని మరీ గ్లాసు అందిస్తోంది. ప్రేమ పెరిగిందేమో అనుకుంది. పక్కనే ఉండి కనిపెట్టలేకపోయానే అని మనసు చివుక్కుమంది. అది బయటికి అనడం చేతకాక, "లే, మాస్టారు ఎదురుచూస్తుంటాడు" అంది. ఆ రోజు వదిన చేతులు వెతికాయి, మరదలు చదివింది. సరైన మూల దొరికింది. ఈసారి అతుకు నిలిచింది.

డాక్టరు చూసి శుక్లాలన్నాడు, భయపడాల్సిందేమీ లేదన్నాడు. విషయం విన్న అన్న ఆపరేషన్ రోజు షెడ్డు మూసి ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాడు. ఏమైనా తిందామని సంచీలో చెయ్యి పెడితే టిఫిన్ డబ్బాకు బదులు సుత్తి వచ్చింది. ముందు ఒక కన్ను, కొన్నాళ్లకు రెండోది, రెండూ బాగానే కుదిరాయి.

బయట తిరగొచ్చన్నాక వదిన నేరుగా షెడ్డుకు వచ్చింది. గుమ్మంలో నిలబడి నాలుగు వైపులా చూసింది.

"ఈ దుమ్ములోనా నేనిన్నాళ్లూ మీకు టీలు పోసింది?" అంది. తర్వాత మరదలి వైపు తిరిగింది. "నీ జుట్టు ఇంత ఎప్పుడు నెరిసింది?"

"నువ్వు చూడనప్పుడు."

గోడకు ఆనించి ఉన్న స్పాయిలర్‌ను వెలుగులోకి తిప్పి చూసి, "ఇక్కడ అతుకు కనిపిస్తోంది. ఇలాగే ఇచ్చి పంపిస్తున్నావా అందరికీ?" అంది. మరదలు కళ్లద్దాలు దించి చూసింది. నిజంగానే కనిపిస్తోంది.

ఇంకో ట్యూబులైటు వేయించేదాకా వదిన అన్నను వదల్లేదు. ఆ తర్వాత ఉప్పుకాగితం తానే అందుకుంది. రంగుకు ముందు నున్నగా రుద్దే పని ఇప్పుడు ఆమెదే. మరదలు ఇక చాలంటుంది, ఆమె చాలదంటుంది. మొన్న నా కారు గడ్డం అతికించుకుందామని నేను వెళ్లేసరికి ఇద్దరూ అదే గొడవలో ఉన్నారు. అన్న బయట అరుగు మీద కూర్చుని, ఇదంతా తనకేమీ సంబంధం లేనట్టు టీ తాగుతున్నాడు.