నూటపదహార్ల చదివింపు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు చెర్రీవుడ్‌లో ఒక ఆఫీసులో కూర్చుని నలుగురి జీతాల లెక్కలు చూస్తూ, ఒక్కో అంకెను మూడేసి సార్లు సరిచూసుకుంటే గానీ మీట నొక్కను. కానీ అత్లోన్ అనే ఐరిష్ పట్నంలో అకౌంట్స్ చదువుకునే కాలంలో, కరోనా దెబ్బకి ఊళ్ళో తలుపులన్నీ మూసుకున్న ఆ చలికాలంలో, నా అంత తెలిసినవాడు షానన్ నదికి ఇవతలా లేడు, అవతలా లేడు. సగం చదువు ఒంటికి మంచిది కాదని మా నాన్న చెబుతూనే ఉండేవాడు. (చెప్పినప్పుడు నేను విన్నానా అంటే, అది వేరే కథ.)

సాయంత్రాలు నేను పనిచేసే హోటలు ఓనరు అంకుల్‌ది కరీంనగర్. చేరిన వారంలోనే "అకౌంట్స్ చదువుతున్నానండీ" అని నోరు జారాను. అంతే, ఉల్లిపాయలు తరిగే పని తప్పి షాపు లాప్‌టాప్ నా ఒళ్ళోకి వచ్చింది. ఈ దేశంలో ఎవరికి ఎంత జీతం ఇచ్చామో ఇచ్చిన రోజే కంప్యూటర్లో టాక్సు ఆఫీసుకి తెలియజేయాలి. ఆ పని నాది. "నువ్వున్నవు కద బిడ్డా, నాకేం ఫికర్" అనేవారు అంకుల్. ఆ మాట విన్నప్పుడల్లా నేను నేల మీద నడిచేవాణ్ణి కాదు.

వంటంతా గుంటూరు అక్కది. బావ పోయాక ఒక్కర్తే కూతుర్ని పెట్టుకుని సంసారం ఈదుకొస్తున్న మనిషి. ఆవిడ వండిన గోంగూర మాంసం తిని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిన ఐరిష్ వాళ్ళు, ఆ తడి ఆరకముందే మళ్ళీ వచ్చేవాళ్ళు. లాక్‌డౌన్‌లో హోటల్లో కూర్చోబెట్టి పెట్టకూడదన్నారు. పార్సిళ్ళకి అంకుల్, నేను చాలు గనక అక్క పని ఆగిపోయింది. అలా పని పోయినవాళ్ళకి సర్కారు వారం వారం బ్యాంకులో కొంత డబ్బు వేసేది. మంగళవారం పడేది గనక అక్క దాన్ని "మంగళారం డబ్బులు" అనేది. షరతు ఒకటే, ఆ డబ్బు తీసుకునే మనిషి ఆ వారం ఎక్కడా జీతం తీసుకోకూడదు. అక్క ఇంటి అద్దె, తిండి, కరెంటు అన్నీ ఆ మంగళవారం మీదే నడిచేవి.

అలాంటి రోజుల్లోనే అక్క కూతురికి ఓణీల ఫంక్షన్. హాలు లేదు, భోజనాల్లేవు. ఫోన్ని వంటింటి ప్రెస్సుకి (ఇక్కడ అలమరాని అలాగే అంటారు) ఆనించి, వీడియో కాల్లో కానిచ్చారు. అందరికన్నా ముందు కాల్లోకి వచ్చింది ములింగార్ ఆంటీ. మా పక్క ఊరు ములింగార్ ఆస్పత్రిలో నర్సు, అక్కకి ప్రాణస్నేహితురాలు. డ్యూటీ బట్టల్లోనే నిలబడి పిల్ల కోసం ప్రార్థన చేసింది. "కొత్త గొలుసు బాగుందే, ఎక్కడ కొన్నావే?" అని అక్కనీ పలకరించింది. ఇక చదివింపులు. ఎవరెంత ఇచ్చారో రాసుకుని గొంతెత్తి చదవాలంటే అందుకు తగినవాడు ఎవడు? నేనే. మైకు లేదని మా రూములో గరిటె పట్టుకుని, "ములింగార్ ఆంటీగారి చదివింపులు, ఐదువందల పదహార్లూ!" అని కేక పెట్టాను. అవతల ఓణీలో ఉన్న పిల్ల మొహం దాచుకుని "మమ్మీ, వై ఈజ్ హీ షౌటింగ్ ఎవ్రీవన్స్ మనీ?" అంది. నా ఉత్సాహం ఆగుతుందా! అంకుల్ కూడా ఊపు మీదున్నారు. "నా తరఫున నూటపదహార్లు రాయి బిడ్డా! పైసలు గూడ నువ్వే పంపు, నేను మర్చిపోత" అన్నారు.

రాశాను. రాయకేం! అంకుల్ తన జేబులోంచి ఇచ్చే కానుక అది, ఆయన సొంత డబ్బు. కానీ నా తెలివి ఊరుకోదే! షాపులో పనిచేసే మనిషికి ఓనరు ఏమిచ్చినా జీతమే అని ఏదో పుస్తకంలో సగం పేజీ చదివిన గుర్తు. షాపు ఖాతాలోంచి పంపి, ఆ వారం అక్క జీతం నూటపదహారు యూరోలని టాక్సు ఆఫీసుకి తెలియజేసి, చేతులు దులుపుకుని టీ పెట్టుకున్నాను. పద్ధతి ప్రకారం పనిచేయడమంటే ఇదీ అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

తర్వాతి మంగళవారం అక్క నుంచి ఫోన్. "తమ్ముడూ, మంగళారం డబ్బులు పళ్ళేదు. ఏదో కాయితం వచ్చింది, పని చేసుకుంటా డబ్బులు తీసుకుంటున్నావని రాశారు. నేనేం పని చేశానయ్యా? ఒకసారి వచ్చి ఆ ఆఫీసోళ్ళతో మాట్లాడు." పరిగెత్తాను. లోపలికి రాకూడదు గనక నేను గేటు దగ్గర, అక్క కిటికీలో. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "అద్దె సంగతి దేవుడెరుగు తమ్ముడూ, ఎట్టాగో కడతా. ఈ దేశంలో ఇన్నేళ్ళూ ఒక్కరి చేత మాట పళ్ళేదు. ఇవాళ దొంగనైపోయా" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఎవరో నా మీద చాడీ చెప్పారు. ఆ రోజు గొలుసు ఎక్కడ కొన్నావని ములింగార్ ఆమె ఎందుకడిగిందో నాకిప్పుడర్థమైంది. కళ్ళలో నిప్పులు పోసుకుంది" అంది. అప్పుడు నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. "ఎవర్నీ నమ్మే రోజులు కావక్కా" అన్నాను. పెద్ద లోకం చూసినవాడిలా తల కూడా ఊపాను.

అక్క పక్కన ఉండగానే ఆఫీసుకి ఫోన్ చేశాను. సంగీతం విని విని విసిగిపోయాక ఒక పెద్దావిడ గొంతు పలికింది. నేను మొదలుపెట్టాను. నిజాయితీగా బతికే మనిషిని ఇలా ఏడిపిస్తారా, అసలు ఏ బుర్రలేనివాడు పంపాడండీ మీకా తప్పుడు లెక్క, అని ఇంగ్లీషులో దంచేశాను. కిటికీలోంచి అక్క నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది. ఆవిడ పాపం ఓపిగ్గా విని, "వాళ్ళ హోటల్ నుంచే వచ్చింది లవ్, ఆ వారం జీతం నూటపదహారు యూరోలని" అంది. నూటపదహారు! తెలుగువాడికి తప్ప భూమ్మీద ఇంకెవడికి తడుతుందండీ ఆ అంకె! నా చెవులు కాలిపోయాయి. "అక్కడ జీతాలు రాసే అబ్బాయెవరో ఉంటాడుగా, సరిచేసి పంపమను. ఆగిన డబ్బులు కొన్నాళ్ళకి వచ్చేస్తాయి. దట్స్ గ్రాండ్" అంది ఆవిడ, ఏమీ పర్లేదన్నట్టు. ఆ అబ్బాయికి చెబుతానన్నాను.

"ఏమంది?" అడిగింది అక్క. "కంప్యూటర్ తప్పక్కా, సర్దుకుంటుంది" అన్నాను. ఆ రోజే లెక్క సరిచేసి పంపాను, నిజమే. కానీ నోరు మాత్రం విప్పలేదు. పోయిన డబ్బు ఎలాగూ వస్తుంది, మధ్యలో నా పరువెందుకు పోవాలని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. రావాల్సిన డబ్బు రాకుండానే అద్దె రోజు వచ్చింది. పిల్ల ఆన్‌లైన్ క్లాసులకి లాప్‌టాప్ కొందామని దాచిన చదివింపుల డబ్బు అద్దెకి పోయింది. ఆ పిల్ల అమ్మ ఫోన్లోనే, చిన్న తెర మీద కళ్ళు చికిలించుకుని పాఠాలు వినేది. కంప్యూటర్ తప్పంటే అక్క నమ్మలేదు. కంప్యూటర్‌కి ఎవరో చెబితేనే కదా తెలిసేది, అంది. (అది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం.)

ఆ ఆదివారం ములింగార్ ఆంటీ నాకు ఫోన్ చేసింది. "నాయనా, అది నా ఫోనెత్తట్లేదు. నేనేమన్నా తప్పు మాట్లాడానా? నీకేమన్నా చెప్పిందా?" కరోనా వార్డులో డ్యూటీ ఆవిడది. "మొన్న మా వార్డులో మా తోటి నర్సుకే వచ్చింది. రేపు నాకేమన్నా అయితే, అది నా మీద కోపంతోనే ఉండిపోద్ది కదయ్యా" అని ఏడ్చింది. ఆవిడ ఏడుపు నేను భరించలేకపోయాను. నా పరువు ఎంత చవకో అప్పుడు తెలిసింది. కోటు వేసుకుని మళ్ళీ అక్క గేటు దగ్గరికి వెళ్ళాను, చెప్పేశాను.

అక్క తిట్టలేదు. కిటికీ వేసేసుకుంది. వానలో అలాగే నిలబడ్డాను. కాసేపటికి తెరిచి, "డబ్బు సంగతి సరే. తెలీక చేశావు. ఆంటీని నేను అన్ని మాటలంటుంటే నువ్వూ తలూపావు కదరా" అంది. తమ్ముడూ అనే మనిషి రా అన్నది అదే మొదటిసారి. "ఆ రోజు గరిటె పట్టుకుని అందరికీ వినపడేటట్టు చదివావు. ఇదీ అట్టాగే చదువు. అందర్నీ పిలుస్తా" అంది.

పిలిచింది. మళ్ళీ అవే మొహాలు, అదే ప్రెస్సు, అదే గరిటె. నేను లేచి నిలబడి, "ఈ తెలివిగలవాడి చదివింపులు... అక్క మంగళవారం డబ్బులు ఆపించినందుకు, ఆంటీ మీద నింద పడుతుంటే తలూపినందుకు... నూటపదహార్ల క్షమాపణలు" అన్నాను. చివర్లో పెట్టాల్సిన కేక రాలేదు, ఏడుపొచ్చింది. తర్వాత ములింగార్ ఆంటీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమే, గొలుసు ఎక్కడ కొన్నావో ఇప్పుడన్నా చెప్తావా?" అని అక్కని అడిగింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. అంకుల్ మాత్రం తల పట్టుకున్నారు. "కట్నం రాయమంటే జీతంల రాస్తవా? గిట్ల ఎవలన్న చేస్తరా బిడ్డా! గా డబ్బా నీ కాడుంటే ఇంకెవరి పొట్ట కొడ్తవో" అని, మర్నాడే షాపు లాప్‌టాప్ నా దగ్గర్నుంచి లాక్కుని ఆ పిల్లకి ఇచ్చేశారు. జీతాల లెక్కలకి వేరే మనిషిని పెట్టుకున్నారు. నేను మళ్ళీ ఉల్లిపాయలకి వచ్చాను. కళ్ళు తుడుచుకోవడానికి మంచి సాకు దొరికింది.

ఆ పిల్ల ఈమధ్య గాల్వేలో కాలేజీలో చేరింది. అక్క ఇంట్లో భోజనాలు. ములింగార్ ఆంటీ ముందురోజే వచ్చి గారెలకి పప్పు నానబోసింది. నేను కవరు తీయగానే ఆ పిల్ల వంటింట్లోకి పరిగెత్తి గరిటె తెచ్చి నా చేతిలో పెట్టి, "గో ఆన్ మామయ్యా, డూ ద షౌటింగ్" అంది. జుట్టు పలచబడ్డ ఈ వయసులో, అంతమంది ముందు, చెవులు వేడెక్కుతుండగా, "చిట్టితల్లికి మామయ్య చదివింపులు, నూటపదహార్లూ!" అని కేక పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. పొయ్యి దగ్గర గారెలు తిప్పుతున్న అక్క వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"చదివావు సరే తమ్ముడూ, ఎక్కడా రాయలేదుగా?"

"రాయలేదక్కా" అన్నాను.