స్విచ్ మీద బొటనవేలు

నవంబర్ మొదటి వారంలో, మధ్యాహ్నం రెండున్నరకు హిమాలయాల్లోని మా ఆర్మీ పోస్టు చేరాను. ఎత్తు పదహారు వేల అడుగులు. బేస్ నుంచి తాడు పట్టుకుని ఆరు గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు. పైన మూడు ఫైబర్ గుడిసెలు, ఇసుక బస్తాల బంకరు ఒకటి, అన్నిటి మీదా కిరోసిన్ మసి. నా డ్యూటీ రేడియో.

నా పక్క మంచం గౌనిపల్లి వాడిది. మా కోలారు జిల్లావాడే. ఇంటి దగ్గర మామిడి తోట, నాలుగు ఆవులు. గస్తీలో రేడియో సెట్టు మోసేది అతను. పోస్టులో కూర్చుని వినేది నేను. పొద్దున్నే నేను ప్రార్థనకు కూర్చుంటే అతనికి సరదా.

“మేము కురుడుమలె వినాయకునికి ఒక టెంకాయ కొట్టి వచ్చేస్తాం అప్పా. నువ్వు అదే మాట దినామూ అడగతా ఉండావు. మీ స్వామికి చెవుడా?”

“ఆయనకి బాగా వినబడతాదిలే. నాకే ఓపిక లేదు.”

నిజంగానే లేదు. మా నాయన కేజీఎఫ్ గనిలో, షాఫ్ట్ అడుగున గంట కొట్టే పని చేశాడు. మనుషులను పైకి లాగమని గంట కొట్టాక, పైనున్న ఇంజను డ్రైవరు అదే గంట తిరిగి కొట్టేదాకా ఆగాలి. తొందరపడి మరొకటి కొడితే లెక్క మారుతుంది, అర్థమూ మారుతుంది. గని మూతపడ్డాక కూడా ఆయన ప్రార్థన అలాగే సాగేది. ఒక్క వాక్యం. తర్వాత చాలాసేపు మౌనం. సంగటి చల్లారిపోయేది. నేను బల్ల కింద కాళ్లు ఊపేవాణ్ణి.

“గంట కొట్టినాంక చెయ్యి తీసెయ్యాలప్పా,” అనేవాడు.

జనవరిలో ఒకరోజు ఉదయం ఎనిమిదికి నలుగురి గస్తీ బయల్దేరింది. ఒంటిగంటకు తిరిగి రావాలి. పన్నెండూ ఇరవైకి మంచు తుఫాను మొదలైంది. ఒంటిగంటా పదిహేనుకు గౌనిపల్లి వాడి గొంతు, “దారి జెండాలు కనబడలే,” అంది. తర్వాత ఏమీ లేదు.

పది నిమిషాలకొకసారి పిలిచి, మిగతాసేపు వినాలి. అది ఆర్డరు. నేను ఒకటీ నలభై నుంచి ఆపకుండా పిలిచాను. ఆ సెట్టులో మాట్లాడే స్విచ్ నొక్కి ఉన్నంతసేపూ మనకేమీ వినపడదు. తెలుసు. అయినా నొక్కాను. పిలుపుకీ పిలుపుకీ మధ్య, స్విచ్ వదలకుండానే, ప్రభువును కూడా అలాగే పిలిచాను. మొదటి పిలుపు చేరిందన్న నమ్మకం లేదు, అటూ ఇటూ కూడా.

రెండూ యాభైకి మా పోస్టు పెద్ద, సుబేదార్ సాబ్ లోపలికి వచ్చారు. నా చేతిలోంచి హ్యాండ్‌సెట్ లాక్కుని బల్ల మీద పెట్టారు. “పిలిచావు కదా. ఇక విను,” అన్నారు హిందీలో.

చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. గాలి హోరు. సెట్టులో బరబర. నాయన మౌనం గుర్తొచ్చింది. ఒక్క వాక్యం అడిగాను: “ప్రభువా, వాళ్లని తీసుకురా.” మళ్లీ అడగాలని మనసు కొట్టుకుంది. అడగలేదు.

మూడూ ఒకటికి గొంతు వచ్చింది. “యాడ పోయినావు అప్పా... వాగుకి ఎడం పక్క, నల్ల బండ కింద ఉండాము.”

తాళ్లతో ఆరుగురం వెళ్లాం. నాలుగూ పదికి దొరికారు. నలుగురూ బతికే ఉన్నారు. గౌనిపల్లి వాడు కుడి చేతి గ్లోవు తీసేసి ఉన్నాడు. లావు గ్లోవుతో ఆ స్విచ్ నొక్కలేం.

“గంటకు పైన నీ గొంతే అప్పా. నేను నొక్కినప్పుడంతా నువ్వే మాట్లాడతా ఉండావు. ఇంగ చేయి తీసేదెట్ల?”

బొటనవేలు పై కణుపు ఆసుపత్రిలో తీసేశారు. ఇప్పుడతను సైన్యం వదిలి, మా కోలారు దగ్గరి నరసాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్తాడు. కనబడితే నవ్వుతాడు. “టెంకాయ కొట్టేదానికి ఈ చెయ్యి చాల్లే,” అంటాడు.

ఏప్రిల్లో సెలవు మీద ఇంటికొచ్చి అంతా చెప్పాను. నాయన తప్పనలేదు, కాదనీ అనలేదు. “ఆ అబ్బాయి పేరేమప్పా?” అని అడిగాడు. ఆ పేరు మీద ఒక వాక్యం ప్రార్థించాడు. తర్వాత మౌనం. సంగటి చల్లారింది. నేను కళ్లు మూసుకున్నాను. కాలు మాత్రం ఊగుతూనే ఉంది.

ఆ మౌనంలో ఇప్పటికీ నాకు కనబడేది ఒక్కటే. నల్ల బండ కింద అతని చేతిలోంచి సెట్టు నేనే విడిపించాను. చెయ్యి ఖాళీ అయింది. తెల్లగా గడ్డకట్టిన బొటనవేలు మాత్రం వంగే ఉంది, లేని స్విచ్‌ను నొక్కుతూ.