పదకొండు పిన్నుల కవరు

పిన్నుల పిన్ని చేతిలో పడ్డ ఏ కాగితమూ పదకొండు పిన్నులు తినకుండా బయటపడదు. ఆస్పత్రి కింది అంతస్తులో రక్తపరీక్షలవీ స్కానులవీ రిపోర్టులిచ్చే కిటికీ ఆవిడది. రిపోర్టు కవర్లో పెట్టడం, స్టాప్లరుతో టకటకా పదకొండు పిన్నులు కొట్టడం, "పైకెళ్లి డాక్టరమ్మకివ్వండి" అనడం. పది కొట్టదు, పన్నెండు కొట్టదు. మేనల్లుడి పెళ్లిపత్రికలు ఆవిడ చేత పోస్టు చేయించారట. చుట్టాల్లో సగంమంది కవరు విప్పేసరికి పెళ్లయి వారం దాటింది.

మూడో అంతస్తులో క్యాన్సర్ డాక్టరమ్మ బల్ల మీద స్టెతస్కోపు పక్కనే ఓ కటింగ్ ప్లేయర్ ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆమె బొటనవేలికి మూడుసార్లు కట్టు పడింది మరి.

"పిన్నీ, ఒక్క పిన్ను చాలదూ?" అని ఫోన్ చేస్తే, "చాలదమ్మా" అని పెట్టేసింది పిన్ని.

ఒకరోజు రిటైరైన బస్సు డ్రైవరొకాయన భార్యతో వచ్చాడు. నిరుడు పేగు క్యాన్సర్‌కి ఆపరేషనయింది. అప్పట్నుంచీ మూణ్ణెల్లకోసారి ఆయన రక్తంలో ఒక అంకె చూస్తున్నారు. అది పెరిగితే జబ్బు తిరగబెట్టిందేమోనని అనుమానం. ఆయన మెట్ల మీదే కవరు తెరవబోయి, తాళంచెవితో పొడిచి, పళ్లతో పీకి, నాలుగంటే నాలుగు పిన్నులు ఊడదీయగలిగాడు.

"బస్సు ఇంజను విప్పినవాణ్ణి తల్లీ, ఈ కవరు నా వల్ల కాలేదు."

డాక్టరమ్మ మిగతా ఏడూ పీకి చూసింది. పోయినసారి రెండున్న అంకె ఈసారి ఆరు. ఆయన కుర్చీలోంచి లేవబోయాడు.

"అయితే నా పని అయిపోయిందన్నమాట."

"ఆగండి. ఈ ఒక్క అంకె చూసి ఏదీ తేల్చలేం. వేరే కారణాలతోనూ పెరుగుతుంది. సిగరెట్లు మళ్లీ మొదలెట్టారా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. భార్య ఆయన్నే చూసింది.

"రోజుకెన్ని?" అందావిడ, డాక్టరమ్మ కంటే ముందే.

"పదో... పన్నెండో..."

"ఆపరేషను గది బయట ఆరుగంటలు నిలబడ్డాను నేను!" అంటూ ఆవిడ విసవిసా వెళ్లిపోయింది. డాక్టరమ్మ స్కాన్ రాసిచ్చి, సిగరెట్లు మానమని గట్టిగా చెప్పి ఆయన్నీ పంపేసింది.

ఆ తర్వాత ఆమె కిందికి దిగింది. "ఆ పెద్దాయన మెట్ల మీదే, విడమరిచి చెప్పేవాళ్లు లేకుండా ఆ అంకె చదువుకుని ఉంటే ఏమైపోయేవాడో. అందుకేనా పిన్నీ ఈ పిన్నులు?"

"మరెందుకనుకున్నావు? ఒకాయన ఇలాగే మెట్ల మీద చదువుకుని, సాయంత్రానికల్లా సైకిలు పక్కింటివాళ్లకి ఇచ్చేశాడు. తొమ్మిదేళ్లయింది, నిక్షేపంలా ఉన్నాడు. పరీక్షలకి నడిచొస్తాడు పాపం."

"మరి బాగున్న రిపోర్టులకి ఒక్కటి కొడితే సరిపోతుందిగా?"

"భలేదానివమ్మా! అప్పుడు పదకొండు పడ్డవాడికి నా కిటికీ దగ్గరే తెలిసిపోదూ?"

డాక్టరమ్మకి ఇన్నాళ్లూ ఈవిణ్ణి ఎంత తిట్టుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

వారం తర్వాత స్కాన్ రిపోర్టు వచ్చింది. అందులోని భాష పిన్నికీ అర్థం కాదు. డ్రైవరు ఒక్కడే వచ్చాడు. భార్య ఇంకా మాట్లాడటం లేదట. కవరు అందుకోబోయి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిన్ని కిటికీ మూసేసి, "పదండి అన్నయ్యగారూ" అంటూ మోకాళ్లు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కింది.

డాక్టరమ్మ పిన్నులు పీకుతున్నంతసేపూ ఇద్దరూ ఒక్కో పిన్నే లెక్కపెట్టారు.

"ఎక్కడా ఏమీ లేదు! ఇది సిగరెట్ల పనే అయ్యుంటుంది. మానేశాక ఇంకోసారి రక్తం చూద్దాం."

"వారం నుంచీ ముట్టలేదమ్మా, ఒట్టు!" డ్రైవరు కుర్చీలో చతికిలబడి నాలుగుసార్లు హమ్మయ్య అన్నాడు. "ఇది మా ఆవిడకి చూపించాలి. ఏదైనా కవర్లో పెట్టివ్వండి."

పిన్ని కవరు చింపి చెత్తబుట్టలో పడేసి, కాగితం విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"కవరెందుకూ? దారిపొడుగునా చదువుకుంటూ వెళ్లండి. మీ ఆవిడ తలుపు తియ్యకపోతే గుమ్మంలో నిలబడి, పక్కింటివాళ్లకి కూడా వినబడేలా చదవండి."