వీపుకు అంటిన పళ్లెం

నా చిన్నప్పుడు మా ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరినైనా కుక్క కరిస్తే దవాఖాన కంటే ముందు ఇత్తడి పళ్లెం గుర్తొచ్చేది. మంత్రం వేసే ఆయన ఆ పళ్లేన్ని కాటు పడినవాళ్ల వీపుకు అదిమి పెట్టేవాడు. ఒంట్లో విషం ఉంటే అంటుకుంటుందనీ, దిగిపోతే రాలిపోతుందనీ అందరి నమ్మకం.

పసుపు ఉడకబెట్టే రోజులవి. కల్లంలో ఆరబోసిన కొమ్ముల దగ్గర ఆడుకుంటుంటే, ఎక్కడిదో ఒక కుక్క వచ్చి నా పిక్క పట్టుకుంది. పోతూ పోతూ పక్కింటివాళ్ల దూడనూ కరిచింది. మా అమ్మ గాయంలో గుప్పెడు పసుపు కూరింది. మాకు ఏ దెబ్బకైనా అదే మందు. వెంటనే నన్ను చంకనేసుకుని పళ్లెం ఆయన దగ్గరికి ఉరికింది. కడాయి దగ్గర మంట పెడుతున్న మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, ఆ పని వదిలేసి మా వెనకే వచ్చింది.

పళ్లెం నా వీపుకు అంటింది. ఆయన ఏదో చదివి ఇసుక విసిరాడు. కాసేపటికి పళ్లెం రాలింది. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. బాపమ్మ మాత్రం ఆ పళ్లేన్ని తిప్పి తిప్పి చూసింది.

"అయ్యా, జర నా వీపుకు వెట్టు."

"నిన్ను కుక్క గరవలేదు గదమ్మా."

"గందుకే వెట్టుమంటున్న."

పొయ్యి సెగకు ఆమె ఒళ్లంతా చెమట. పళ్లెం నాకంటే గట్టిగా అంటుకుంది. "మరి నాకెప్పుడెక్కింది విషం?" అంది. ఆయన పళ్లెం ఊడదీసుకుని లోపలికి పోయాడు.

ఆ పూటే బస్సెక్కి ఆర్మూర్ దవాఖానకు పోయాం. డాక్టరమ్మ ముందుగా ఆ పసుపంతా పోయేదాకా సబ్బునీళ్లతో కడిగించింది. బొడ్డు చుట్టూ సూదులు వేయాలంది. బాపమ్మకు అదీ అనుమానమే.

"ఏసుకున్నోళ్లు బతికిన్రు, సరే. ఏసుకోనోళ్ల సంగతేంది?"

"రోగం బయటవడ్డంక ఇంటికి మల్లినోన్ని ఒక్కన్ని గూడ నేను చూడలే, పెద్దమ్మా."

బాపమ్మ నా గౌను పైకెత్తి పట్టుకుంది.

దూడకూ అదే మంత్రం వేయించారు. కొన్ని వారాలకు అది నురగ కారుస్తూ, అరిచి అరిచి చచ్చిపోయింది. ఆ అరుపు వినిపించినప్పుడల్లా బాపమ్మ నన్ను దగ్గరికి లాక్కుని నా కడుపు మీది సూది గుర్తులు తడిమేది.

ఇప్పుడు నా మనవరాళ్లు ఫోన్లో ఏదో ఒక మందు గొప్పదని చూపిస్తుంటారు. "కుక్క గరవనోళ్ల వీపుకు గూడ వెట్టి చూసిన్రా?" అని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం ఆ దూడ అరుపు వినిపిస్తుంది.